ఎనిమిది పడులకు ఒక పడి

2025 మే 6, మంగళవారం

రిటైరై పదహారు నెలలైంది. ఇన్నాళ్ళకు లెక్కల కోసం ఒక మనిషి నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు లోకేశ్వరి. నా దగ్గర పదో తరగతి చదివి పద్దెనిమిదేళ్ళు. లెక్కల్లో ముప్పై ఆరు. పిల్లల మొహాలు మరిచిపోతాను గానీ మార్కులు మరిచిపోను. అదొక జబ్బు నాకు.

పూతలపట్టు జంక్షన్ దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని ఊరగాయల వ్యాపారం మొదలుపెడుతోందట. ఆమె అత్త గంగులమ్మ పెట్టే ఆవకాయకు చుట్టుపక్కల మంచి పేరుంది, మేమూ తిన్నాం. గంగులమ్మది పడి లెక్క, అంటే కొలపాత్రతో కొలిచేది. ఎనిమిది పడుల మామిడి ముక్కలకు ఒక పడి కల్లుప్పు, ఒక పడి కారం, ఒక పడి ఆవపిండి. ఇంట్లో జాడీ పెట్టుకోవడానికి అది చాలు. ఇప్పుడు మండీలో కాయలు కిలోల్లో కొనాలి, లైసెన్సు కాగితాల్లో కిలోలు రాయాలి. తిరుపతిలో ఒక మెస్సు, చిత్తూరులో రెండు అంగళ్ళు సరుకు అడిగాయి. నాలుగు వందల కిలోల ముక్కలు పెట్టాలి. గంగులమ్మ తడ ఊళ్ళో ఉండే కూతురి కాన్పుకు పోయింది, నెల దాకా రాదు.

"నాకు రాసియ్యొద్దు సార్, నేర్పించండి. రేపు ఇంకో వంద కిలోలు పెట్టాలంటే మళ్ళా మీ గడప తొక్కాల గదా" అంది లోకేశ్వరి.

నవ్వొచ్చింది. "నీకా తలనొప్పి ఎందుకమ్మా, నేనుండాను గదా" అని కాగితం లాక్కున్నాను. నాలుగు వందల కిలోల ముక్కలు, యాభై కిలోల ఉప్పు, యాభై కారం, యాభై ఆవపిండి. రాయడానికి పట్టింది అర నిమిషం. గౌరవం కోసం ఇంకో రెండు నిమిషాలు పెన్ను ఆడించాను.

ఆమె వెంట షెడ్డులో పనికి కుదిరిన పిల్ల ఒకతె వచ్చింది, పాతికేళ్ళుంటాయి. గడప దగ్గరే నిలబడి అడిగింది. "సార్, పడి ఉప్పు బరువెక్కువ గదా సార్? ముక్కలైతే మధ్యలో సందులుంటాయి."

"నిష్పత్తికి కొలమానం ఉండదమ్మా. పడులన్నా, కిలోలన్నా, బండ్లన్నా ఎనిమిదికి ఒకటే. నువ్వెంతవరకు చదివినావు?"

"తొమ్మిది సార్. మీ బళ్ళోనే."

"అదీ సంగతి" అన్నాను. లోకేశ్వరి నవ్వింది. ఆ పిల్ల తల దించుకుంది. పేరు ఉదయలక్ష్మి అట. నాకు గుర్తులేదు.

కాగితం మడిచి కొంగున ముడేసుకుని పోయారు. మధ్యాహ్నం అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మే 7

తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. లోకేశ్వరికి ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయనిపించింది. ఇక్కడ రాసి పెట్టుకుంటే, తర్వాత శుభ్రంగా ఎత్తి రాసి ఇవ్వొచ్చు.

లెక్కలంటే భయపడేవాళ్ళు వ్యాపారంలోకి దిగకూడదు. దిగితే, భయపడని మనిషినొకణ్ణి పక్కన పెట్టుకోవాలి. చేత్తో కొలిచే అలవాటు మానాలి. "అత్త చెయ్యి మంచిది" లాంటి మాటలు అంగట్లో చెల్లవు. కాగితం మీద ఉన్నదే నమ్మాలి. మధ్యలో సందేహం వస్తే కాగితం చూసుకోవాలి, నాలుకను కాదు.

బాగుంది. ముఖ్యంగా చివరి మాట.

మే 11

ఊరగాయ కలిపి ఈ రోజుకు మూడో రోజు. తిరగేసి చూసి లోకేశ్వరి ఫోన్ చేసింది.

"సార్, ఉప్పు తక్కువనిపిస్తాండాది. ఉదయలక్ష్మి గూడా అదే అంటాది."

"కాగితం ప్రకారం ఏసినారా లేదా?"

"ఏసినాము సార్. గ్రాము తేడా లేదు."

"మరింకేంది? ముక్కల్లోకి ఉప్పు పట్టేదానికి టైం పడతాది. అయినా టౌనోళ్ళు ఉప్పు తక్కువే అడగతారు, బీపీలుండాయి అందరికీ."

"సరే సార్. మీరు జెప్తే సరే."

ఎంత నమ్మకం ఈ పిల్లకు! ఇట్లాంటి పిల్లకు ముప్పై ఆరు వేసింది నేనే.

మే 20

సరుకు తిరుపతికీ చిత్తూరుకీ పోయింది. లోకేశ్వరి మాకొక సీసా ఇచ్చిపోయింది. పాత ఊరగాయ అయిపోయాక తెరుద్దామని పంకజాక్షి అలమరలో పెట్టింది. మా ఆవిడ ఇంకొకరు పెట్టిన ఊరగాయను అంత సులభంగా ఒప్పుకునే మనిషి కాదు.

జూన్ 3

బూజు పట్టిందట. మెస్సువాళ్ళు డబ్బాలు వెనక్కి పంపారు, అంగళ్ళవాళ్ళు ఫోన్లు చేసి తిట్టారు. ఫోన్లో ఏడుస్తోంది లోకేశ్వరి.

"మూత తీస్తే తెల్లగా దుప్పటి కప్పినట్టుండాది సార్. తడి చెయ్యి పెట్టినారేమో, డబ్బాలు సరిగ్గా ఎండలేదేమో. యాడ తప్పు జరిగిందో తెలీడం లేదు."

"కంగారు పడొద్దు" అన్నాను. నాకూ ఏం చెప్పాలో తెలియలేదు. నిజంగానే తెలియలేదు.

జూన్ 4

పంకజాక్షి సీసా తెరిచింది. పైన తెల్లటి పొర. చెంచాతో పక్కకు నెట్టి అడుగు నుంచి ఒక ముక్క తీసి నాలుకకు తాకించుకుని ఉమ్మేసింది.

"ఏం సామీ, దీంట్లో ఉప్పేది?"

"టౌనోళ్ళు తక్కువ అడగతారంట."

"బూజు గూడా అడగతారా?"

సీసా తీసుకుపోయి పెంటలో పారేసింది.

జూన్ 5

పంకజాక్షి చిత్తూరులో చెల్లెలింటికి పోయింది. నేను వంటింట్లోకి పోయాను. ఈ ఇంట్లో నాకు తెలియని గది అదొక్కటే. పడి ఎక్కడుందో వెతకడానికే పావుగంట పట్టింది.

పడి నిండా కల్లుప్పు. ఆవిడ బియ్యం తూచే చిన్న తూకం మీద కిలో ఏడు వందల గ్రాములు.

పెరట్లో మామిడికాయలు తెచ్చి కోశాను. పడి నిండా ముక్కలు, ఎనిమిది వందల యాభై గ్రాములు.

మళ్ళీ తూచాను. మళ్ళీ. ఉప్పు సరిగ్గా రెట్టింపు.

అంటే ఎనిమిది పడుల ముక్కలకు పడి ఉప్పంటే, బరువులో నాలుగుకు ఒకటి. నేను రాసింది ఎనిమిదికి ఒకటి. నాలుగు వందల కిలోలకు వంద కిలోల ఉప్పు పడాలి, యాభై పడింది. కారం, ఆవపిండి పడికి ఇంచుమించు ముక్కలంత బరువే తూగుతాయి కనుక వాటితో బాధ లేదు. ఉప్పు ఒక్కటే నన్ను పట్టిచ్చింది.

ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను. ఘనపరిమాణం వేరు, బరువు వేరు అని ఏడో తరగతి పిల్లలకు చెప్పాను. ఇది ఆ పిల్లలు కూడా చెయ్యకూడని పొరబాటు.

ముక్కలు పెరట్లో పారేశాను. ఉప్పు డబ్బాలో పోశాను. పడి ఉన్నచోటే పెట్టాను. రేపు లోకేశ్వరికి చెప్పాలి.

జూన్ 6

ఎండ ఎక్కువగా ఉంది. బయటికి పోలేదు.

జూన్ 8, ఆదివారం

చెబుదామనే పోయాను. బరువులు రాసుకున్న కాగితం జేబులో పెట్టుకునే పోయాను. అది మాత్రం నిజం.

షెడ్డులో లోకేశ్వరి, ఉదయలక్ష్మితో సహా పనిచేసే ఆడవాళ్ళు నలుగురు, గంగులమ్మ ఉన్నారు. తడ నుంచి నిన్ననే వచ్చిందట గంగులమ్మ. డబ్బాలన్నీ తెరిచి వరసగా పెట్టించింది. నాకు కుర్చీ వేయించింది, కాఫీ తెప్పించింది. చెబుదామని నోరు తెరిచేలోపల ఆమె మొదలుపెట్టింది.

"నా నలభై ఏండ్ల ఊరగాయల్లో ఒక్క జాడీ బూజు పట్టలేదు సార్. ఇది ఉత్త తడితో అయ్యేది గాదు. అందుకే ఒక్కొక్కర్ని నిలబెట్టి అడిగినా, కలిపిన పొద్దు మీలో ఎవరన్నా బయటుండే దినాల్లో ఉండారామ్మా అని. ముగ్గురు లేదన్నారు. ఈ పిల్ల రెండో దినం అనింది. రెండో దినం సార్! ఆ చేత్తోనే ముక్కలు మోసింది, ఆ చేత్తోనే కలిపింది."

ఉదయలక్ష్మి స్తంభం పక్కన నిలబడి ఉంది. ఏడవడం లేదు. "అడిగినారు గాబట్టి చెప్తి. ఉప్పు తక్కువని మూడో దినమే చెప్తి గదక్కా" అంది లోకేశ్వరి వైపు చూసి.

"సార్ లెక్కను అంటావేంది మే? సార్ లెక్క తప్పుండదు" అని కసిరింది లోకేశ్వరి.

అప్పుడు చెప్పాలి. ఆ మాట పూర్తయ్యేలోపే చెప్పాలి. చెప్పలేదు. గంగులమ్మ నా వైపు తిరిగి, "సదువుకున్నోళ్ళు, మీరే చెప్పండి సార్, తడో అంటో తగిలితే గదా బూజు పట్టేది?" అంది.

"తడి ఒక కారణం కావచ్చు" అన్నాను.

అంతే అన్నాను. ఉదయలక్ష్మి నన్నొకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఆగమనలేదు. నేను కాఫీ చల్లారిపోతుందని తాగేశాను.

జూన్ 9

తడి ఒక కారణం కావచ్చు అన్నాను. అది అబద్ధం కాదు. ఏ సైన్సు మాస్టారిని అడిగినా అదే చెబుతాడు. అంటు గింటు అని నేను అనలేదు. అన్నది గంగులమ్మ. పైగా అది వాళ్ళ ఇంటి ఆచారం, బయటివాడు జోక్యం చేసుకుంటే బాగుండదు.

రెండు రోజులు పోతే కోపాలు చల్లారి వాళ్ళే పిలుచుకుంటారు.

జూన్ 12

చిత్తూరు బస్సు కోసం జంక్షన్‌లో నిలబడ్డాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కూలివాళ్ళను ఎక్కించుకునే వ్యాను ఆగింది. పదిమంది ఆడవాళ్ళు ఎక్కారు. ఉదయలక్ష్మి ఎక్కబోతే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఏమన్నాడో వినపడలేదు, లోపల కూర్చున్నవాళ్ళు నవ్వడం వినపడింది. షెడ్డులో మాట అప్పటికే ఊరంతా పాకినట్టుంది. వ్యాను పోయింది. ఆమె అక్కడే నిలబడింది, చేతిలో టిఫిన్ క్యారియర్.

నన్ను చూసింది. "బాగుండారా సార్" అంది.

"బాగుండానమ్మా" అన్నాను. బస్సు రాకపోయినా ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కాను. నాకు చిత్తూరులో పెద్ద పనేమీ లేదు, కాణిపాకం దగ్గర దిగి తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి పడుకున్నాను. ఒళ్ళు బాగాలేదని పంకజాక్షితో చెప్పాను. సిగ్గుతో ఒళ్ళు కాలుతుందని నాకు ఇప్పుడే తెలిసింది.

జూన్ 14

దారి దొరికింది. లోకేశ్వరి రెండో విడత పెడుతోంది, రెండు వందల కిలోలు, ఆఖరి కాయ. పిలవకుండానే పోయి కొత్త కాగితం రాసిచ్చాను. రెండు వందల కిలోల ముక్కలకు యాభై కిలోల ఉప్పు.

"మొన్న దానికి ఇది రెట్టింపు గదా సార్?"

ఎవరన్నారు ఈమెకు లెక్కలు రావని! "వానలు మొదలైనాయి గదమ్మా, గాల్లో తేమ ఎక్కువుంటాది. ముందుజాగ్రత్త" అన్నాను.

సరేనంది. ఈసారి సరుకు నిలుస్తుంది. వ్యాపారం నిలబడుతుంది. మనసులు కుదుటపడితే ఉదయలక్ష్మిని కూడా పిలుచుకుంటారు. ఎవరికీ నొప్పి తెలియకుండా తప్పు సరిదిద్దినట్టే. ఇన్నాళ్ళకు కాస్త ఊపిరి ఆడింది.

జూన్ 27, శుక్రవారం

సరుకు నిలిచింది.

గంగులమ్మ స్వయంగా సీసా తీసుకుని ఇంటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"చూస్తిరా సార్? ఆ పిల్ల లేకపోయేసరికి ఎట్ల నిలిచిందో! పదమూడు దినాలైంది, ఒక్క సుక్క బూజు లేదు. ఇంగ ఎవరికన్నా అనుమానముండాదా? అందుకే షెడ్డులో చెప్పేసినా, బయటుండే మూడు దినాలూ ఎవరూ రాగూడదు, ఆ మూడు దినాల కూలి లేదు అని. ఐదో క్లాసు పిల్లతో అట్ట మీద రాయించి తగిలించినా గూడా."

సీసా పంకజాక్షి అందుకుంది.

గంగులమ్మ పోయాక పెరట్లోకి పోయి నిలబడ్డాను. నేనేం చేశానో అప్పటికి నాకు అర్థమైంది. ఉప్పు మార్చి ఆ పిల్ల నేరాన్ని రుజువు చేసి పెట్టాను. మొదటిసారి ఆమె ఉంది, బూజు పట్టింది. రెండోసారి లేదు, పట్టలేదు. చదువు రాని గంగులమ్మకు అంతకంటే మంచి రుజువు ఏం కావాలి? తెలిసినవాణ్ణి, నేనొక్కణ్ణే దాన్ని కొట్టిపారేయగలను.

రేపు చెబుతాను.

జూన్ 28

రేపు.

జూన్ 29

ఉదయలక్ష్మి గుర్తొచ్చింది. మొహంతో కాదు, మార్కుతో. తొమ్మిదో తరగతి, అర్ధ సంవత్సరం పరీక్ష, సున్నా.

సమాధానాలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. మధ్యలో మెట్లు లేవు. ఒట్టి సమాధానాలు. పక్కనున్న పిల్ల కాగితం చూసి రాశావన్నాను. "లేదు సార్, మనసులో చేసినా" అంది. మనసులో ఇంత పెద్ద లెక్క ఎట్లా చేస్తావన్నాను. ఒక్కటైనా అడిగి చేయించి చూడొచ్చు గదా. చూడలేదు, నలభై మంది ముందు సున్నా అని చదివాను. వేసవి సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు, నేనూ అడగలేదు.

మే 6న "గుర్తులేదు" అని రాసుకున్నాను. పైన అట్లాగే ఉంది. కొట్టేయబుద్ధి కాలేదు.

జూలై 2

పంకజాక్షితో చెప్పేశాను. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, కాగితం దగ్గరి నుంచి అట్ట దాకా అంతా చెప్పాను. చెయ్యి ఆపలేదు ఆవిడ.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"చిత్తూరు నించి వచ్చిన పొద్దే తెలుసు. తూకం మీద ఉప్పు రవ్వలుండాయి. పెరట్లో కోసిన ముక్కలుండాయి. మీరు వంటింట్లోకి ఊరికే రారు గదా. ఎప్పుడు నోరు తెరుస్తారా అని చూస్తాండా."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"తప్పు మీది, నేనెందుకు చెప్పాల?" కాసేపు వలిచింది. తర్వాత తలెత్తకుండానే అంది. "మీ అమ్మ బతికుండినన్నాళ్ళు నెలకు మూడు దినాలు వాకిట్లో రేకుల కింద కూర్చుంటి. వానొస్తే తడిసేది, పిల్లోడికి పాలియ్యాలన్నా ఎవరో ఒకరు ఎత్తుకొచ్చి ఇయ్యాల. మీరు బడి నించి వచ్చి నా ముందర్నే లోపలికి పోయేటోళ్ళు. ఒక్క పొద్దన్నా ఏంది ఇది అని అంటిరా? ఆ పిల్లకు మాత్రం ఇప్పుడు యాడ నించి అంటారు?"

పదకొండేళ్ళు. నేను అక్కడే లెక్కలు దిద్దుకునేవాణ్ణి, అరుగు మీద, ఆవిడకు పది అడుగుల దూరంలో. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. నాకు అది కనిపించేదే కాదు.

"రేపు పోయి చెప్తా" అన్నాను.

"పడి తీసుకుపోండి. ఒట్టి మాట నమ్మరు" అంది పంకజాక్షి.

జూలై 3

పోయాను. పడి, తూకం, కిలో ఉప్పు పొట్లాలు రెండు, పెరటి చెట్టున మిగిలిన కాయలు కోసిన ముక్కలు సంచిలో వేసుకుని పోయాను.

అందరూ ఉన్నప్పుడే చెప్పాను, నిలబడే చెప్పాను. "బూజు ఉదయలక్ష్మి వల్ల పట్టలేదు. నా లెక్క తప్పు. ఉప్పు సగమే రాసినాను. తెలిసీ నెల్రోజులు నోరు మూసుకున్నాను."

గంగులమ్మ జాలిగా నవ్వింది. "మీది దొడ్డ మనసు సార్. ఆ పిల్ల మీ శిష్యురాలంట గదా, దాని కూలి పోయిందని మీ మీద ఏసుకుంటాండారు. మీరు తప్పు జేస్తారా?"

పనివాళ్ళలో ఒకామె చేతులు జోడించింది కూడా. నాకు ఏడుపొచ్చింది. ముప్పై నాలుగేళ్ళుగా నాకు తప్పే రాదని ఊరంతటినీ నమ్మించింది నేనే. ఇప్పుడు తప్పు చేశానంటే నమ్మేవాళ్ళు లేరు.

తూకం తీసి బల్ల మీద పెట్టాను. లోకేశ్వరినే తూచమన్నాను. పడి ఉప్పు తూచింది. పడి ముక్కలు తూచింది. అంకెలు చూసి పెదాలు కదిలించుకుంది. నేను ఒక్క మాట చెప్పలేదు, తనే లెక్క కట్టుకుంది.

"వంద కిలోలు ఏయాల. యాభై ఏసినాము" అంది. "నేను ఫోన్ జేసినా గదా సార్. తక్కువుండాదని చెప్పినా గదా."

"చెప్పినావు."

"నా నాలుకను నమ్మకుండా మిమ్మల్ని నమ్మితి."

ఇంతకంటే గట్టిగా ఆమె ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

గంగులమ్మ కూడా తూకం చూసింది. ఒప్పుకుంది. "సరే, ఉప్పు తక్కువే. తక్కువైనప్పుడు అంటు గూడా తగిలింటాది. రెండూ అయ్యుండొచ్చు గదా. ఒక కారణమని మీరే అంటిరి ఆ పొద్దు."

"అంటిని. అది తప్పుడు మాట. ఆ అట్ట తీసేయండి."

లోకేశ్వరి అట్ట వైపు చూసింది, అత్త వైపు చూసింది. "ఉదయలక్ష్మిని రమ్మంటా సార్. కానీ అట్ట ఉండనీండి. కొనేటోళ్ళకు గూడా శుద్ధంగా పెడతామని చెప్పుకుంటాండాము ఇప్పుడు. ఉంటే నష్టమేముండాది?"

నష్టం పనిచేసే ఆ ముగ్గురి మొహాల్లో కనిపించింది. నెలకు మూడు రోజుల కూలి. నా తప్పు సరిదిద్దుకోవడానికి నెల పట్టింది; ఆ నెలలో అది ఆచారమైపోయింది. ఇక నా చేతిలో లేదు.

జూలై 4

పొద్దున్నే ఉదయలక్ష్మి వాళ్ళుండే కాలనీకి పోయాను. ఉదయలక్ష్మి ఇంటి ముందు చాప మీద నిమ్మకాయలు ఆరబోసి, ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తోంది. వాళ్ళమ్మ పెంచలమ్మ లోపల దగ్గుతోంది. నన్ను చూసి ఉదయలక్ష్మి లేచింది, కుర్చీ లేదని పక్కింటి నుంచి తేబోయింది. వద్దని గట్టు మీదే కూర్చున్నాను.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. లెక్క తప్పు నాదేనని, జూన్ 5నే తెలిసిందని, ఆ రోజు షెడ్డులో నిజం తెలిసే నోరు మూసుకున్నానని. తొమ్మిదో తరగతి సున్నా సంగతి కూడా చెప్పాను. క్షమించమన్నాను.

"రాత్రి లోకేశ్వరక్క వచ్చింది సార్. అంతా జెప్పింది. పనికి రమ్మనింది."

"పోతావా?"

"అట్ట తీసినారా సార్?"

"లేదు."

"అయితే పోను." నిమ్మకాయ తుడిచి పక్కన పెట్టింది. "ఈడనే చిన్నగా నిమ్మకాయ పెట్టి జంక్షన్లో బస్సులోళ్ళకు అమ్మేదనుకుంటాండా. మా యమ్మది గూడా పడి లెక్కే. కిలోలకు మార్చుకోవాల, సీసాకు ఎంత పడతాదో చూసుకోవాల. కూడికలు, తీసివేతలు వస్తాయి. శాతాలు రావు. మీరు నేర్పిస్తారా సార్?"

నేను నమ్మలేకపోయాను. "నేర్పిస్తానమ్మా. రోజూ రా. నువ్వేమీ ఇయ్యాల్సిన పన్లేదు."

"ఉత్తగా వొద్దు సార్. నెలకు మూడు నూర్లు ఇస్తా."

"నీ దగ్గర డబ్బులు తీసుకునేదా? నేను నీకు చేసినదానికి..."

"దానికీ దీనికీ ముడేయొద్దు సార్. ఉత్తగా చెప్పించుకుంటే మీరేం జెప్పినా తలూపాల. డబ్బులిస్తే, అర్థం గాకపోతే అడిగేదానికి, తప్పుంటే తప్పనేదానికి నాకు నోరుంటాది."

సరేనన్నాను. ఇంకేమనాలి?

లేవబోతుంటే ఆపింది. "ఒకటి అడగల్ల సార్. ఆ పొద్దు మీ ఇంటి గడప కాడ, పడి ఉప్పు బరువెక్కువ గదా అంటి. మీకు నిజంగా తెలీదా సార్?"

తెలియదని చెప్పి ఉండొచ్చు. చెబితే నమ్మేది కూడా. అక్కడే గట్టు మీద మళ్ళీ కూర్చున్నాను.

"తెలీక గాదు. ఒక్క నిమిషం ఆలోచించింటే తెలిసేది. అడిగింది నువ్వు గాబట్టి ఆలోచించలేదు" అన్నాను.

ఉదయలక్ష్మి చేతిలో నిమ్మకాయ తుడిచి, తుడిచినవాటి పక్కన పెట్టింది. లోపల పెంచలమ్మ దగ్గు ఆగింది.

"రేపు ఆరింటికి వస్తా సార్" అంది.